గడప బయటి కుండ

తులసీబాయి వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. మంగళవారం పొద్దున ఆదోనిలో బస్సెక్కి తుంగభద్ర ఒడ్డున, మంత్రాలయం పక్కనున్న మాధవరంలో అమ్మగారింటికి పోవాలి. రెండు రాత్రులు అక్కడ ఉండి, గురువారం పదకొండింటికి ఎమ్మిగనూరు బస్టాండులో భర్తను కలుసుకోవాలి. ఆ ఊరికి కొత్తగా వచ్చిన డాక్టరు ఆమె మోకాళ్లకు ఎక్స్‌రే తీస్తాడు. కర్నూలులో ఏడాది కిందట తీసిన పాత ఫిల్మును పక్కన పెట్టుకుని, ఎముకకూ ఎముకకూ మధ్య సందు ఎంత తగ్గిందో స్కేలుతో కొలుస్తాడు. తగ్గి ఉంటే గొంతుక్కూర్చోవడం పూర్తిగా మానుకోవాలని ముందే చెప్పి పెట్టాడు.

ఆ మాటతో ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఇరవై రెండేళ్లుగా వీధి చివరి గుడి ముంగిట తెల్లవారుజామున ముగ్గు వేసేది ఆమే. నిలబడి వంగి వేస్తే గీత వణుకుతుందని గొంతుక్కూర్చునే వేస్తుంది. జ్వరంలో వేసింది, కూతురి పెళ్లినాడూ వేసింది. ఈ రెండు రోజులకైనా ముగ్గుగిన్నె మరొకరి చేతికి ఇవ్వడం ఇష్టం లేక, ఊరికి పోతున్నట్టు వీధిలో ఒక్కరికీ చెప్పలేదు.

భర్త సేతుమాధవరావు హైస్కూల్లో లెక్కల మాష్టారు. స్కూలు బీరువాలో దాచిన ఫిల్మును ఆ పొద్దున తెచ్చి, వాకిట్లోనే ఎండకు ఎత్తి చూపించాడు. నల్లటి దానిలోంచి రెండు జతల తెల్లటి ఎముకలు పైకి తేలాయి. చర్మం లేదు, పసుపు లేదు. తన కాళ్లే ఎవరో పోయిన మనిషి కాళ్లలా కనిపించి తులసీబాయి చూపు తిప్పుకుంది.

"నాలుగు మిల్లీమీటర్లు. నేనే కొలిచినా," అన్నాడాయన.

"ఆగరా సేతూ!" లోపలి నుంచి ఎనభయ్యేళ్ల తల్లి సరస్వతీబాయి కేక పెట్టింది. "ఏందది?"

"తులసి మోకాలి ఎముకలమ్మా. ఎక్స్‌రే."

"ఎముకల్ని గడప దాటిస్తావా? దాటించినావంటే ఈ పొద్దు నేను నీళ్లు కూడా ముట్టను!"

"ఇది బొమ్మమ్మా."

"దేని బొమ్మ? ఎముకలదే కదా! బయట కట్టు."

పోయినవాళ్ల అస్థికలను ఇంట్లోకి తేకుండా, నదిలో కలిపేదాకా కుండలో పెట్టి బయట కట్టడం వాళ్ల ఆచారం. పైగా వీధిలో మేకలు కాగితం, గుడ్డ అనకుండా నమిలేస్తాయి. చివరికి ఫిల్మును చుట్టి కొత్త మట్టికుండలో దూర్చి, మూతికి తెల్లగుడ్డ కట్టి, వాకిట్లోని జామకొమ్మకు వేలాడదీశాడు. తులసీబాయి వీధి మలుపులో వెనక్కి తిరిగి చూసింది. గాలి లేకపోయినా కుండ మెల్లగా తిరుగుతోంది.

గురువారం తెల్లవారినా తుంగభద్ర మీద మంచు విడలేదు. నాలుగు మునకలు వేసి, జుట్టు విరబోసుకుని తులసీబాయి ఒడ్డుకు వచ్చింది. మంచులో ఎక్కడో ఒక మగగొంతు మంత్రం చదువుతోంది. పాపం, ఎవరు పోయారో అనుకుంది.

"కాశ్యప గోత్రాయాః, తులసీబాయి నామ్న్యాః, ప్రేతాయాః..."

గోత్రం తనదే. పేరూ తనదే. ఆమె చేయి గిల్లుకుంది. నొప్పి పుట్టింది. పోయినవాళ్లకు మాత్రం పుట్టదని ఎవరు చూసొచ్చారు? గొంతు వినవచ్చిన వైపు నడిచింది. అడుగు అడుగుకీ మోకాళ్లు కటక్, కటక్ మంటున్నాయి. మంత్రం ఆగిపోయింది.

మంచు కాస్త పలచబడింది. మోకాటి లోతు నీళ్లలో వాళ్లకు నాలుగిళ్ల అవతలి శ్రీపాదరావు. అడక్కపోయినా వచ్చి సాయం చేసే మనిషి. ఆయన ముందు, తెల్లగుడ్డ కట్టిన కుండ బుడబుడమంటూ మునుగుతోంది.

"అన్నా! నా ఎముకలు!" అని అరిచింది తులసీబాయి.

శ్రీపాదరావు నీళ్లలోనే రెండడుగులు వెనక్కి వేశాడు.

"నా ఎముకలు నాకు తీసిచ్చిపో అన్నా! ఈ పొద్దు వాటితో పని ఉంది!"

ఆయన పంచె ఎగ్గట్టి పరుగు లంకించుకున్నాడు. ఆమె వెంటపడింది. ఇసుక దాటి, జొన్నచేల గట్ల మీదుగా రోడ్డు దాకా ఆయన ముందు, ఆమె వెనక. ఆదోని బస్సు కదలబోతుండగా ఆయన ఎగిరి లోపల పడ్డాడు.

"పోనీ అప్పా డ్రైవరూ, నిలపొద్దు!" అని, కిటికీలోంచి చేతులు జోడించాడు. "శాంతించమ్మా తులసీ! మాసికాలు కూడా నేనే పెట్టిస్తా!"

సంగతి ఎమ్మిగనూరులో, భర్త ఉత్త చేతులతో బస్సు దిగినప్పుడు తేలింది. బుధవారం గుడి ముందు ముగ్గు లేదు. మాష్టారి ఇంటి ముందు కుండ ఉంది. వంట చేసుకోబోయి వేలు కాల్చుకున్న మాష్టారు అరుగు మీద దిగాలుగా కూర్చున్నాడు. చావు ఇంట్లో ఎట్లా పోయిందని అడగడం మర్యాద కాదు కనుక శ్రీపాదరావు అడగలేదు. గురువారం ఎలాగూ మంత్రాలయం పోతున్నవాడే, బుధవారం సాయంత్రమే, ఎవరినీ అడక్కుండా కుండ విప్పుకుని పోయాడు.

"పాత ఫిల్ము ఏదమ్మా?" అన్నాడు డాక్టరు.

"తుంగభద్రలో కలిపినారు సార్."

డాక్టరు కొత్త ఫిల్మును దీపానికి ఆనించి స్కేలు పెట్టాడు. "రెండు మిల్లీమీటర్లు. పోయినేడు ఎంత ఉండె? మీకేమన్నా తెలుసునా మాష్టారూ?"

తులసీబాయి భర్త వైపు తిరిగింది. సేతుమాధవరావు పైకప్పు వైపు చూశాడు.

"గుర్తు లేదండీ."

పెళ్లయిన నాటి నుంచీ ఈ మనిషి ఒక్క అంకె మరచిపోవడం ఆమె చూడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నడక ఎట్లుందమ్మా?"

"ఈ పొద్దు అర మైలు పరుగెత్తినా సార్. ముగ్గు మానమనొద్దు."

"అయితే ఈ పొద్దు నుంచే లెక్క. చిన్న పీట మీద కూర్చుని వేసుకోండి ముగ్గు. ఏడాదికి మళ్లీ కొలుస్తాం."

శుక్రవారం తెల్లవారుజామున చేత పీటతో, ముగ్గుగిన్నెతో ఆమె బయల్దేరింది. కటక్, కటక్. చప్పుడు దగ్గరయ్యే కొద్దీ వీధిలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. శ్రీపాదరావు ముందురోజే వచ్చి అందరికీ చెప్పినట్టున్నాడు. ఒక కిటికీ వెనక గుసగుసలు వినిపించాయి.

"పాదాలు వెనక్కున్నాయేమో చూడు."

"లేదు, ముందుకే ఉండాయి."

"మరి ఆ చప్పుడు?"

"అది బతికున్నప్పుడూ ఉండె."

మంచులో ఒక్కతే కూర్చుని తులసీబాయి పద్మం వేసింది. ఒక్క గీత వణకలేదు. అంత సంతోషం ఆమెకు ఈమధ్య కాలంలో ఎప్పుడూ కలగలేదు.

ఆ పరుగుకు శ్రీపాదరావు మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచిపోయి, ఆయనా అదే డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించుకున్నాడు. దాన్నీ ఆయన ఇంట్లోవాళ్లు లోపలికి రానివ్వలేదు గానీ, బయట కట్టిన కుండకు నాలుగు వైపులా సుద్దముక్కతో ఆయనే రాశాడు: "మనిషి బతికే ఉన్నాడు."