అత్తగారి మౌనం, ముదురు ఎరుపు

ఆ ఉదయం పేర్లాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరలోగా పన్నెండు లిప్‌స్టిక్కులకు పన్నెండు పేర్లు పెట్టాలి. తొమ్మిదింటి బస్సెక్కాలి. పదకొండింటికి దుకాణాలవాళ్ళ చేత వాటిని మెచ్చించి, తన కుర్చీ తనకే ఉందనిపించుకోవాలి. ఇంత చిన్న పథకంలో అత్తగారు పట్టరని ఆయన ధీమా.

లిప్‌స్టిక్కుల కంపెనీలో పదహారేళ్ళుగా ఆయన పని రంగులకు పేర్లు పెట్టడమే. పిల్ల పుడితే పేరు కోసం ఇంటిల్లిపాదీ పోట్లాడుకుంటారు. రంగు పుడితే మాత్రం ఈయనొక్కడే తనతో తాను పోట్లాడుకోవాలి. అక్కడికది చాలదన్నట్టు, ముందురోజు సాయంత్రం మేనేజరు పిలిచి తేల్చి చెప్పేశాడు.

"మీ పేర్లు పెదవులకి అంటకముందే పళ్ళు విరగ్గొడుతున్నాయండీ. రేపు దుకాణాలవాళ్ళకి నచ్చాయా, సరేసరి. నచ్చలేదా, మీ కుర్చీలో మా బావమరిది కూర్చుంటాడు."

పేర్లాయనకు ఒక పద్ధతుంది. ఏ ఎరుపు చూసినా ఎవరో ఒకరి కోపం గుర్తొస్తేగానీ కలం కదలదు. అందుకని ముందొక కాయితం మీద ఇంటి పేర్లు రాసుకుంటాడు. ఇంటి పేర్లంటే వంశానివి కావు, ఇంట్లోవాళ్ళ మీద పెట్టినవి. ఆఫీసువాళ్ళకూ అందులో కాస్త చోటుంటుంది. తర్వాత వాటిని కడిగి, తుడిచి, సెంటు పూసి, రెండో కాయితం మీద అచ్చు పేర్లు రాస్తాడు. మొదటి కాయితంలో 'మేనేజర్ ముక్కు' అయిన ఇటుక రంగు రెండో కాయితంలో 'అరుణారుణ మందహాసం' అవుతుంది. 'అత్తగారి మౌనం' అనే ముదురు ఎరుపు 'గంభీర గులాబీ గానం' అవుతుంది. మొదటిది చించెయ్యడం, రెండోది పట్టుకెళ్ళడం. పదహారేళ్ళలో ఒక్కసారీ తేడా రాలేదు.

ఆ రోజు భోజనాల బల్ల మీద పన్నెండు గొట్టాలూ మూతలు తీసి నిలబెట్టుకుని, పన్నెండో పేరు దగ్గర కొట్టుకుంటూండగా అత్తగారు వచ్చి నిలబడింది. ఆవిడ వచ్చి మూడు నెలలైంది. ఆవిడకు ఖాళీ బల్ల అంటే ప్రాణం.

"బాబూ, ఈ రంగుల సంత ఎత్తేస్తే కంచాలు పెడతాను."

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ, పనిలో ఉన్నాను."

"పనా? పెదాలకి పూసుకునేదానికి పేరు పెట్టడం పనేమిటి నాయనా? ఎరుపుని ఎరుపనండి, చాలదూ?"

ఆయన పళ్ళు నూరి, పన్నెండో పేరు గబగబా గీకేసి అచ్చు పేర్ల కాయితం జేబులో కుక్కుకున్నాడు. ఆ విసురులో చెయ్యి తగిలి మూడు గొట్టాలు దొర్లి, చొక్కా మీద మూడు చారలు పడ్డాయి. భార్య హ్యాండుబ్యాగు తగిలించుకుంటూ వచ్చి చూసింది.

"ఆ చొక్కాతో వీధిలోకెళ్ళకండి. మిమ్మల్నెవరూ ఏమీ అనరు. నన్ను చూసి జాలిపడతారు. విప్పండి!"

విప్పాడు. భార్య దాన్ని వాషింగ్ మెషీన్లో పడేసి, మీట నొక్కి, తన ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఆయన వేరే చొక్కా తొడుక్కుని, గొట్టాలు డబ్బాలో సర్దుకుని బస్సు వెంట పరిగెత్తాడు. అచ్చు పేర్ల కాయితం చారల చొక్కా జేబులో ఉంది. ఇంటి పేర్ల కాయితం చించకుండా బల్ల మీదే ఉంది. ఈ రెండు సంగతులూ ఆయన బుర్రలో లేవు.

ఆఫీసులో లేబుళ్ళు కొట్టే ఆవిడ తన యంత్రం ముందు సిద్ధంగా ఉంది. ఆవిడనందరూ లేబుళ్ళావిడనే అంటారు. ఒకప్పుడు ఒక పేరులో తప్పుందని దిద్దినందుకు మేనేజరు ఆవిడకు కాయితం ఇచ్చాడు: 'మీరు చదవనక్కర్లేదు, ఆలోచించనక్కర్లేదు, చెప్పింది కొట్టండి.' ఆవిడ దాన్ని అద్దం కట్టించి యంత్రం పైన తగిలించుకుంది. అప్పట్నుంచీ చెవికీ వేలికీ మధ్య ఆవిడ మెదడుకు సెలవు.

"పేర్లివ్వండి. పన్నెండేగా?" అందావిడ.

పేర్లాయన జేబులో చెయ్యి పెట్టాడు. జేబు అడుగు తగిలింది. రెండో జేబు చూశాడు. అందులో బస్సు టిక్కెట్టుంది. కాయితం బల్ల మీదే మరిచిపోయానని ఖాయం చేసుకుని, చెమట తుడుచుకుంటూ ఇంటికి ఫోన్ కొట్టాడు.

"అత్తయ్యగారూ, బల్ల మీద ఓ కాయితం ఉందా?"

"ఉంది. మీరు ఎత్తకుండా పోయినవన్నీ ఉన్నాయి."

"అందులో పన్నెండు పేర్లున్నాయి. ఒక్కోటి నెమ్మదిగా చదవండి, చాలు."

సరిగ్గా అప్పుడే అద్దాల గదిలోంచి మేనేజరు వేలు ఆడించాడు. పేర్లాయన ఫోను స్పీకర్లో పెట్టి లేబుళ్ళావిడ చేతికిచ్చాడు.

"ఆవిడ ఏం చెబితే అది కొట్టెయ్యండి. ఒక్క మాట వదలొద్దు!"

ఆ తర్వాత జీవితాంతం ఆయన ఎవరితోనూ ఆ మాట అనలేదు.

అద్దాల గదిలో మేనేజరు బావమరిది అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కొత్త దిండొకటి.

"మీ కుర్చీ కాస్త గట్టిదటగా, తెచ్చుకున్నాను" అన్నాడు మర్యాదగా.

మేనేజరు అరగంట సేపు పేరెలా ఉండాలో చెప్పాడు. పొట్టిగా ఉండాలి, నిండుగా ఉండాలి, పాతగా ఉండకూడదు, మరీ కొత్తగా ఉండకూడదు. పేర్లాయన తలాడిస్తూనే అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు. లేబుళ్ళావిడ గంభీరంగా కొడుతోంది. ఆగి వింటోంది. మళ్ళీ కొడుతోంది. పక్కవాళ్ళెందుకో నోళ్ళు మూసుకుని వంగిపోతున్నారు. దగ్గులు ప్రబలినట్టున్నాయనుకున్నాడు.

బయటపడేసరికి పదకొండు కావస్తోంది. లేబుళ్ళు అంటించిన గొట్టాలు పళ్ళెంలో సమావేశాల గదికి వెళ్ళిపోయాయి. అక్కడ దుకాణాలవాళ్ళు నలుగురు కూర్చున్నారు. వాళ్ళలో పెద్దావిడకు మూడు దుకాణాలు. ఆవిడ ఊ అంటే మిగతావాళ్ళు ఊఊ అంటారు.

మేనేజరు గొంతు సవరించుకుని, మొదటి గొట్టం ఎత్తి, అడుగున లేబులు చదివాడు.

"హలో, వినబడుతోందా?"

"వినబడుతోంది, చెప్పండి" అంది మూడు దుకాణాలావిడ.

మేనేజరు లేబులు మళ్ళీ చూశాడు. పేర్లాయన వైపు చూశాడు. పేర్లాయన పైకప్పు వైపు చూశాడు. రెండోది మీగడ రంగు.

"ఆగమ్మా, పాలు పొంగుతున్నాయి."

మూడోది, 'కళ్ళజోడెక్కడ పెట్టానో.' నాలుగోది ఇటుక రంగు.

"మేనేజర్..." అని మేనేజరు ఆగిపోయాడు. మింగాడు. "ముక్కు."

నలుగురూ ఆయన ముక్కు చూశారు. అది నిమిషాల మీద రంగెక్కుతోంది. బావమరిది ఉత్సాహంగా ఆ గొట్టం లాక్కుని ముక్కు పక్కన పెట్టి చూశాడు.

"బావా! అచ్చం ఇదే రంగు! వీసమెత్తు తేడా లేదు!"

మేనేజరు తలుపు వైపు చూపించాడు. బావమరిది తన దిండు తను ఎత్తుకుని బయటికి నడిచాడు.

చదివేవాళ్ళు లేకపోవడంతో మూడు దుకాణాలావిడే పళ్ళెం తనవైపు లాక్కుంది.

"'ఇదేం పేరు, చోద్యం కాకపోతే.' బాగుంది, దానిమ్మ రంగుకి చోద్యం బాగుంది. 'అత్తగారి మౌనం.' ఊఁ. దాని పక్కది, 'ఎవరికండీ మౌనం?' అబ్బో. 'మూడు నెలలుగా నోరు కట్టుకున్నాను.' 'మా అమ్మాయి ఏం చూసి చేసుకుందో.' ఇదిగో ఈ నెత్తురెరుపు... 'రానీ ఇంటికి.'"

చదువుతూంటే ఆవిడ భుజాలు ఊగడం మొదలైంది. పక్కవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. పేర్లాయన ఆఖరి మాట దగ్గరే ఆగిపోయాడు. అది పేరు కాదు, తనకొచ్చిన సమను.

"మేనేజరుగారూ, మా కొట్టుకొచ్చే ఆడవాళ్ళు మీ పాత పేర్లు పలకలేక, వేలు పెట్టి చూపిస్తారు. 'రానీ ఇంటికి ఒకటివ్వండి' అని ఎవరైనా అడగ్గలరు. మూడు దుకాణాలకీ పన్నెండు రంగులూ పంపండి" అంది మూడు దుకాణాలావిడ.

మిగతా ముగ్గురూ ఊఊ అన్నారు.

మేనేజరు ముక్కు మెల్లగా మామూలు రంగులోకి దిగింది. "ఎవరండీ పెట్టింది ఇవి?" అన్నాడు.

పేర్లాయన ఊపిరి పీల్చుకున్నాడు. పదహారేళ్ళ నౌకరీ కళ్ళముందు తిరిగింది. రెండు పేర్లైతే నిజంగానే తనవి. చొక్కా సర్దుకుని నోరు తెరిచాడు. అంతలో తలుపు తెరుచుకుని లేబుళ్ళావిడ ఫోను పట్టుకుని లోపలికొచ్చింది.

"పన్నెండన్నారని పన్నెండే కొట్టానండీ. ఆవిడ ఊపిరి తీసుకున్న చోటల్లా కొత్త లేబులు వేశాను. ఇంకో ఇరవై రంగులకి సరిపడా చెప్పారు గానీ, గొట్టాల్లేవు. మళ్ళీ ఆవిడే చేశారు, లైన్లో ఉన్నారు."

"అల్లుడుగారున్నారా అక్కడ?" అని స్పీకరు గర్జించింది. "స్టవ్వంతా పాలే! అది సరే, నా మౌనానికి రంగేమిటి నాయనా, రంగు?"

"అమ్మా, నేను మేనేజరుని మాట్లాడుతున్నాను. ఈ పేర్లన్నీ మీవేనా?"

"నోరు నాదైతే మాట ఇంకొకరిదెలా అవుతుంది? మీరేనా ఆ ముక్కాయన?"

"నేనేనమ్మా" అన్నాడు మేనేజరు వినయంగా. "రేపు ఒకసారి మా ఆఫీసుకి రాగలరా?"

"మీరే రండి. నాకు బస్సు పడదు."

మొత్తానికి ఆ కుర్చీ బావమరిదికి దక్కలేదు. పేర్లాయనకూ దక్కలేదు. మర్నాడు ఇద్దరు మనుషులు దాన్ని ఇంటికే మోసుకొచ్చి భోజనాల బల్ల ముందు వేశారు. గట్టిగా ఉందని అత్తగారు పంపిస్తే, వెళ్ళి దిండు కొనుక్కొచ్చింది అల్లుడే. కంపెనీ ఆయన్ను తీసెయ్యలేదు. ఉదయం రంగులు ఇంటికి తేవడం, అత్తగారు మాట్లాడుతూంటే రాసుకోవడం, సాయంత్రం కాయితం లేబుళ్ళావిడకు ఇవ్వడం ఆయన కొత్త పని.

వారం తిరిగేసరికి బల్లంతా గొట్టాలే. ఆకలికి ఆగలేక ఆయన కంచం పట్టుకొచ్చి నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, ఈ రంగులు కాస్త పక్కకి జరిపితే..."

"ఒక్క నిమిషం నాయనా, పనిలో ఉన్నాను."

భార్య వైపు చూశాడు. "అమ్మ పని అమ్మని చేసుకోనివ్వండి" అంటూ తను నుంచునే తింటోంది.

ఆఖరి గొట్టంలో రంగే లేదు. పెదాలు పగలకుండా రాసుకునే ఒట్టి మైనం. అత్తగారు దాన్ని వెలుతురుకు పట్టి చూసింది, అల్లుణ్ణి చూసింది, మళ్ళీ దాన్ని చూసింది.

"రాసుకోండి. అల్లుడి మౌనం."

ఆ పేరు మీద ఆయన అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగినా పేరు చెడగొట్టేవాడు కాదు.