పాడ్ లేవని పొద్దున

"పాడె లేవట్లేదా? ఎవరిదో పాపం!" వంటింట్లో కూరలు తరుగుతున్న అత్తగారి చేతిలో కత్తి ఆగిపోయింది.

ముందుగదిలో అల్లుడన్నది పాడె కాదు, పాడ్. అప్లికేషన్‌ను సామాను సరంజామాతో సహా ఒక డబ్బాలో సర్ది, క్లౌడులో నడిపించడం అతని ఉద్యోగం. ఆ డబ్బా కూర్చునే గూడే పాడ్. మబ్బుల్లో పని కనుక ఇంట్లో అతనికి మబ్బుల అల్లుడని పేరు. ఆ ఉదయం ప్లాను చిన్నదే: బస్సు టికెట్ల యాప్ కొత్త వెర్షన్‌ను క్లౌడెక్కించడం. "కాఫీ చల్లారేలోగా అయిపోతుందత్తయ్యా. సాయంత్రానికి మీ అల్లుడు టీమ్ లీడ్!" అని అతను కోతలు కోస్తుంటే, ఆవిడ కూరలు కోస్తూ విన్నది.

ఎక్కించాడు. ఎక్కలేదు. ల్యాప్‌టాప్ తెరమీద మేనేజరు, టికెట్ల కంపెనీవాళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు. యాప్‌లో అన్నిటికన్నా పాత, బరువైన భాగానికి టీమంతా ముద్దుగా పెట్టుకున్న పేరు 'పెద్దాయన'. మొరాయించింది సరిగ్గా ఆయనే.

"పెద్దాయన పోయాడు సార్! లేపుతున్నా... అయ్యో, మళ్ళీ పోయాడు!" అల్లుడి కేకకి ఇల్లు అదిరింది.

అత్తగారికి తెలిసిన పెద్దాయన ఒక్కడే, కింది వాటాలో ఒంటరిగా ఉండే ఇంటి ఓనరు. టికెట్ల మాట కూడా చెవిన పడిందేమో, "టికెట్ తీసుకున్నాడన్నమాట!" అని గుండె పట్టుకుని మెట్లు దిగింది. పక్కింటి టీచరమ్మకు చెప్పింది. టీచరమ్మ వీధికంతా పాఠం చెప్పింది.

జనం తలుపు బాదారు. "ఉన్నారా?" జవాబు లేదు. ఊపిరి తిప్పుకోకుండా మళ్ళీ బాదారు. "ఉంటే పలకడూ?" అంటూ ఎదురింటి వడ్రంగి తలుపు ఊడబెరికాడు. నిద్రమాత్ర మత్తులో ఉన్న ఆయన్ని ఆ తలుపుమీదికే చేర్చారు.

"పైకి తీసుకురండి! మా అల్లుడు లేపుతున్నానన్నాడు!" అంది అత్తగారు.

"కాలు కదిలిందండోయ్!" అన్నారెవరో మెట్లమీద.

"కుదుపమ్మా, కుదుపు," అన్నాడు వడ్రంగి.

తలుపు వచ్చి ల్యాప్‌టాప్ ఎదురుగా దిగింది. తెరలోంచి మేనేజరు, "ఎవరయ్యా ఈయన?" అన్నాడు.

"మీరు లేపమన్న పెద్దాయనే బాబూ," అంది అత్తగారు కళ్ళొత్తుకుంటూ.

తలుపుమీద శవం లేచి కూర్చుంది. "లేవడానికి మనిషికి కాస్త వ్యవధివ్వరా? కళ్ళు తెరిచేలోపు ఉన్నావా, ఉన్నావా అని బాదడం, పలక్కపోతే పోయాడనడం!"

అందరూ నవ్వారు, అల్లుడు తప్ప. అతని మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. పెద్దాయన పాడ్‌కు అతనూ ఒక కంప్యూటరు కాపలాదారును పెట్టాడు. బరువైన ఆ ప్రోగ్రాము ఇంకా కళ్ళు నులుముకుంటుండగానే "బతికున్నావా?" అని అడగడం, పలక్కపోతే చంపి మళ్ళీ పుట్టించడం వాడి పని. పొద్దుట్నించీ పెద్దాయన్ని చంపుతున్నది సాక్షాత్తూ అతనే. తలొంచుకుని, నిద్ర లేవడానికి గడువిస్తూ కోడులో ఒక్క వరుస మార్చాడు. పెద్దాయన లేచాడు. టికెట్లు కదిలాయి.

"గడువు పెట్టమని మొన్నే చెప్పానుగా?" అన్నాడు మేనేజరు.

"చెప్పారు సార్. అవసరం లేదనుకున్నాను."

కంపెనీవాళ్ళు వింటుండగా, వీధి వీధంతా చూస్తుండగా విడమరిచి చెప్పుకోక తప్పలేదు: "పాడె కాదండీ, పాడ్. డబ్బా గూడు. పెద్దాయనంటే మీరు కాదు, ఒక ప్రోగ్రాము. అది కూడా పోలేదు. నేనే... తొందరపడ్డాను."

"అయితే బతికున్నవాణ్ణి చంపింది నేనొక్కదాన్నే కాదన్నమాట," అని అత్తగారు స్థిమితపడింది.

ఇంటి ఓనరు తలుపు దిగాడు. "మీ పాడ్ లేచింది, నా పాడె దిగింది. మరి నా తలుపో?"

టీమ్ లీడ్ కావలసిన మబ్బుల అల్లుడు ఆ సాయంత్రం నేలమీద కూర్చుని వడ్రంగికి మేకులందించాడు.