అందుకొనువారు: శివాజీ

నవ్వితే నవ్వండి గానీ, మధ్యలో లేచి పోకండి. సాలూరు లారీ బుకింగ్ ఆఫీసులో నన్ను బిల్టీ నరసింగరావు అంటారు. పద్నాలుగేళ్లుగా బిల్టీలు రాస్తున్నాను. సరుకు చీటీలన్నమాట: పంపువారు ఫలానా, అందుకొనువారు ఫలానా, సరుకు ఫలానా. అంతకుముందు తొమ్మిదేళ్లు లారీ తోలాను.

మావాడు శివాజీకి ఇరవై ఒకటి. శుక్రవారం లారీ ఎక్కి రాయ్‌పూర్ పోవాలి, మొదటి ట్రిప్పు. సోమవారం మా ఆవిడ ఈశ్వరి అన్నం వడ్డిస్తూ మొదలెట్టింది.

"బావా, పిల్లోడికి ఆ ఎచ్చైవీ సంగతి సెప్పినావేటి?"

ముద్ద గొంతుకు అడ్డం పడింది. "నానెలగ సెప్తానే? ఆడు నా కొడుకు!"

"అందుకే నిన్ను సెప్పమంతన్నాను. ఎదురింటోల్ల కొడుకైతే ఆల్లే సెప్పుకుందురు."

మర్నాడు వాణ్ణి పెరట్లోకి పిలిచి గొంతు సవరించుకున్నాను. "ఒరే శివాజీ, దూరం పోతన్నావు. దార్లో..."

"దార్లో?" అన్నాడు.

"టైర్లలో గాలి సూసుకో" అన్నాను. ఆ తర్వాత జాకీ గురించి అరగంట చెప్పాను.

కిటికీలోంచి ఈశ్వరి అంతా వింది. "టైర్లకి ఏ రోగమూ రాదులే, ఇంక లోపలికి రా" అంది.

ఆ సాయంత్రం ఆస్పత్రి గోడ మీద హెచ్ఐవీ పోస్టరు కనబడింది. యువతీయువకులు పేరు, వయసు మెసేజి పెడితే చాలట. రోజూ ఫోనుకి జాగ్రత్తలు పంపుతారట, అడిగినదానికి జవాబిస్తారట, మూడో కంటికి తెలియనివ్వరట. ఆహా, ఇంకేం కావాలి! నా నోటికి శ్రమ లేదు, వాడి చెవికి సిగ్గు లేదు. అక్కడికక్కడే నా ఫోను తీసి మెసేజి కొట్టాను.

"పంపువారు: నరసింగరావు. అందుకొనువారు: శివాజీ, 21. సరుకు: జాగ్రత్తలు. మెల్లగా దించవలెను."

పంపినవాడు వేరు, అందుకునేవాడు వేరు. పేరు రాస్తే సరుకు వెళ్లదా? పద్నాలుగేళ్ల అలవాటు మరి. మెసేజి ఏ ఫోను నుంచి పోతే జవాబు ఆ ఫోనుకే వస్తుందని నా బుర్రకి తట్టలేదు.

బుధవారం పొద్దున్న నూతి దగ్గర స్నానం చేస్తుంటే నా ఫోను కుయ్యిమంది. ఈశ్వరి తీసి, వీధి వీధంతా వినేలా చదివింది.

"'మిత్రమా శివాజీ, సిగ్గుపడకు. కండోమ్ వాడకం గురించి నీ సందేహాలు అడుగు.' ఏటిది బావా? పేరు కూడా కొడుకుదే ఎట్టుకున్నావా?"

సబ్బు కళ్లలో పడింది. "ఒసే, అది నాకు కాదే! ఆడి కోసం బుక్ సేసినాను."

"ఆడి కోసమైతే నీ ఫోనుకెందుకొస్తాది?"

"డెలివరీలో తప్పు జరిగుంటాది."

"తొమ్మిదేళ్లు లారీ తోలినోడివి. నీ డెలివరీలు ఎక్కడెక్కడ జరిగినాయో నాకేటి ఎరిక?"

"నాను శ్రీరాముడినే!"

"సీతమ్మోరిని అగ్గిలో దూకమన్నోడే కదా" అని లోపలికి పోయింది. ఆ రోజంతా నాతో మళ్లీ మాట్లాడలేదు. ఈశ్వరి తిడితే నాకు భయం లేదు, ఊరుకుంటేనే భయం.

గురువారం ఆఫీసులో చింతపండు లోడుకి బిల్టీ రాస్తుంటే ఫోను చేసింది. "బావా, పిల్లోడు ఆస్పత్రిలో ఉన్నాడు. బేగి రా."

చెప్పులు కూడా వేసుకోలేదు. బొబ్బిలి పోవాల్సిన ఆ చింతపండుని ఏ ఊరికి రాశానో ఇప్పటికీ తెలియదు. దారిపొడుగునా దేవుళ్లకి మొక్కుకుంటూ పరిగెత్తాను. వరండాలో శివాజీ మోచేతి మడతలో దూది పెట్టుకుని బన్ను తింటున్నాడు.

"ఏటైందిరా నాయనా?"

"ఏటీ నేదు నాన్నా, రత్తం టెస్టు. నిన్న అమ్మ అన్నీ సెప్పింది, అడిగినవీ అడగనివీ. ట్రిప్పుకి ముందు ఓపాలి సేయించుకోమంది. నాకేటీ నేదంట." ఆపైన నా భుజం తట్టాడు. "నువ్వేటీ భయపడకు. సిన్న సూదే."

"నానెందుకురా భయపడాలి?"

పక్కనున్న గది తలుపు తెరిచి పట్టుకుంది ఈశ్వరి. "ఈపాలి రాముడు దూకాల. నడు."

లోపల కౌన్సిలర్ గౌరి ఉంది, మావాడి ఈడు పిల్ల. "కూర్చోండి బాబాయ్, ఇక్కడి మాట బయటికి పోదు" అంది. వరండాలో అప్పటికే ముగ్గురు డ్రైవర్లు నాకు నమస్కారం పెట్టేశారు. నేను మచ్చలేని మనిషినే. అయినా ఆ సూది చూడగానే తొమ్మిదేళ్ల దారులూ, ఢాబాలూ, మంగలి బ్లేళ్లూ వరసగా గుర్తొచ్చి చెమట పట్టింది.

ఫలితం కోసం బల్ల మీద కూర్చున్నాం. ఈశ్వరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు లారీ దిగిన కాణ్ణించి అడగాలనుకుంతన్నాను బావా. నోరు రానేదు."

నోరు రానిది నాకొక్కడికే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ చేతి మీద నా రెండో చెయ్యి వేశాను.

నాకూ ఏమీ లేదని గౌరి చెప్పింది. ఈశ్వరి కొంగుతో కళ్లు తుడుచుకుని ఒక్క క్షణంలో మళ్లీ మామూలు ఈశ్వరి అయిపోయింది. గౌరి రిజిస్టరు నా ముందుకు జరిపింది. "రిపోర్టు అందుకున్నట్టు ఇక్కడ రాయండి బాబాయ్."

అప్పుడే జేబులో ఫోను కుయ్యిమంది. 'మిత్రమా శివాజీ, పరీక్ష చేయించుకున్నావా?'

పెన్ను తీసుకుని, అలవాటు కొద్దీ 'అందుకొనువారు' అని రాసి, ఆగిపోయాను.

"నీ పేరే రాయి బావా" అంది ఈశ్వరి. "సరుకు అందాల్సినోడికే అందినాది."