పైకి వెళ్లిపోయిన పొట్లం

ఆ మంగళవారం ఉదయం అనియెల్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. నేపుల్స్‌లోని తన ఇరుకు వీధంతా చూస్తుండగా కుక్కను తిప్పాలి, అది చేసిన పనిని అందరి కళ్లముందే ఎత్తాలి, ఇంటికి రావాలి. వాకిట్లో ఎవరి కుక్కో మలం వదిలి పోతోందని భవనం వాళ్లంతా మండిపడుతున్నారు. కుక్కలన్నిటినీ వెళ్లగొట్టాలా వద్దా అని సాయంత్రం సభ. భార్య పోయాక అనియెల్లోకు మిగిలిన తోడు తన కుక్క బరోనె ఒక్కటే. ఓట్లు సరిసమానంగా చీలిపోయాయి. ఎటూ తేలని ఓటు భర్త పోయి మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే నున్జియాది.

బరోనె సరిగ్గా తోనినో చేపల కొట్టు ముందు పని కానిచ్చింది. అనియెల్లో నలభై ఏళ్లు దర్జీ పని చేసినవాడు. దాన్ని నీలం కాగితం సంచిలోకి ఎత్తి, అలవాటు కొద్దీ రిబ్బనుతో ముడి వేశాడు. అంతలో బరోనెకు పిల్లి కనబడింది. గొలుసును రెండు చేతులా పట్టుకోవలసి వచ్చి, అతను పొట్లాన్ని చేతికందిన బుట్టలో పెట్టాడు.

అది నున్జియా బుట్ట. రోజూ ఆ వేళకు ఆవిడ బాల్కనీ నుంచి తాడుతో బుట్ట దింపుతుంది. తోనినో అందులో చేపలు వేసి తాడును రెండుసార్లు లాగితే, ఆవిడ పైకి చేదుకుంటుంది. ఈసారి తాడు కాళ్లకు చుట్టుకుని బరోనె రెండుసార్లు లాగింది. బుట్ట బయల్దేరింది.

"ఆగండమ్మా! ఆపండి!" అని అనియెల్లో అరిచేసరికే బుట్ట రెండో అంతస్తు దాటింది.

"నేనింకా చేపలే వెయ్యలేదే! ఏం పంపారు గురువుగారూ?" అన్నాడు తోనినో.

నిజం చెబితే ఓటు పోతుంది, ఓటుతో పాటు కుక్కా పోతుంది. "ఏదో... చిన్న కానుక" అనేశాడు అనియెల్లో.

"కానుకా! రిబ్బను కట్టి మరీనా!" తోనినో వీధంతా వినబడేలా కేకేశాడు. "అనియెల్లో గారు బయటపడ్డారర్రా! రెండేళ్ల నుంచీ అనుకుంటూనే ఉన్నాం!"

బాల్కనీల తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. "ఒసే నున్జియా, ముందు జుట్టు సర్దుకోవే!" అంది ఎదురింటి కార్మెలా.

పొట్లాన్ని గుండెలకు హత్తుకుని నున్జియా కిందికి వంగింది. "ఈ వయసులో ఇదేం పనండీ, ఇంతమంది ముందు!" ఆ గొంతులో కోపం కన్నా సంతోషమే ఎక్కువ.

"తెరవకండి! మీకు దణ్ణం పెడతాను, అలాగే కిందికి దింపెయ్యండి!"

"పాపం, ఎంత సిగ్గో!" అన్నాడు తోనినో. "తెరవండమ్మా, మేమూ చూస్తాం!"

ఆవిడ తెరిచింది. ముక్కు మూసుకుంది.

అనియెల్లో బరోనెను ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. "క్షమించండమ్మా. అది దీనిది. పారేద్దామని ఎత్తాను, పొరపాటున మీ బుట్టలో పెట్టాను. దీన్ని మాత్రం వెళ్లగొట్టకండి. నాకింకెవరూ లేరు."

"ఎత్తింది మీరేనా?"

"నేనే."

"రోజూ ఎత్తుతారా?"

"రెండు పూటలా."

నున్జియా వీధి వైపు తిరిగింది. "విన్నారా? ముప్ఫై ఎనిమిదేళ్లు కాపురం చేశాను. మా ఆయన తను తాగిన కాఫీ కప్పు కూడా తీసిన పాపాన పోలేదు. ఈయన కుక్కది కూడా ఎత్తి, పైన రిబ్బను కడుతున్నారు!"

ఆ సాయంత్రం సభలో బరోనెతో సహా కుక్కలన్నీ ఉండవచ్చని తీర్మానం నెగ్గింది. వెంటనే నున్జియా లేచి, ఆదివారం నుంచి అనియెల్లో గారి భోజనం తన ఇంట్లోనేనని ప్రకటించింది. దానికీ అందరూ చేతులెత్తారు. అనియెల్లోను మాత్రం ఎవరూ అడగలేదు.