వేడి మందు మహాసభ

కడుపులో కేన్సరుకు ఆపరేషన్ చేస్తూ, అదే సమయంలో కడుపులోకి వేడి మందు పంపే విధానంపై రెండువేల తొమ్మిది డిసెంబరులో అరకులోయలో జరిగిన వైద్య మహాసభ అన్ని విధాలా విజయవంతమైంది. అత్యాధునిక వైద్యాన్ని గిరిజనులకు చేరువ చేయడం సభ ఆశయం. అందుకని నూట ఇరవైమంది నిపుణులు స్వయంగా కొండెక్కి, గిరిజనులకు చాలా చేరువలో ఉన్న ఒక రిసార్టులో రెండు రోజులు బస చేశారు.

సభకు ముఖ్య ఆకర్షణ కనక.

కనకది బొర్రిగుడ. రోడ్డు ఆగిపోయిన చోటినుంచి రెండు గంటల నడక. మూడేళ్ల కిందట ఆమె కడుపంతా కేన్సరు పాకిందని తేలినప్పుడు, విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో డాక్టర్ వరహాలరావు ఆపరేషన్ చేశారు. కంటికి కనబడిన గడ్డలన్నీ తీసేశారు. కనబడని వాటికోసం నలభై రెండు డిగ్రీల వేడి మందును గంటన్నరసేపు కడుపులో తిప్పి, బయటికి తోడేసి, కుట్లు వేశారు. కనక బతికింది. డాక్టరుగారి చేతిలో ఆ విధానంతో బతికిన మొదటి గిరిజన మహిళ కావడంతో, ఆనాటినుంచి ఆమెకు చేనుపని తగ్గి సభల పని పెరిగింది. ఆమె వెళ్లలేని ఊళ్లకు ఆమె కడుపు ఫోటో వెళ్లేది.

డాక్టరంటే కనకకు నిజంగానే భక్తి. సభ అరకులోనే అని తెలిసి ఇంకా సంతోషించింది. ఆమె అప్ప, అంటే తోడబుట్టిన అక్క, సోనికి రెండు నెలలుగా కడుపు ఉబ్బుతోంది. తనకు మొదట్లో ఎలా ఉబ్బిందో అచ్చం అలాగే. నూట ఇరవైమంది వస్తున్నారు, ఒక్కరు చూడకపోతారా అనుకుంది. ఎన్ని సభలు తిరిగినా కనకకు అనుభవం రాలేదనడానికి ఇదే రుజువు.

ఊరివాళ్లు సోనిని డోలీలో రోడ్డుదాకా మోసుకొచ్చారు. కనకకోసం సభవారు పంపిన వ్యానులో అక్కచెల్లెళ్లిద్దరూ ఎక్కారు. రిసార్టు గేటు దగ్గర కాపలాదారు ఆపాడు.

"బ్యాడ్జీ ఏది?"

"అది రోగమున్న మనిసి బాబూ. బ్యాడ్జీ ఏటుంటాది?"

"రోగం తగ్గినోల్ల పేరే లిస్టులో ఉంది. అది నీ పేరొక్కటే."

సోని గేటు పక్కన కాగితంపూల చెట్టు కింద కూర్చుంది. కనక లోపలికి వెళ్లి, టీ తాగుతున్న వరహాలరావుగారి ముందు నిలబడింది.

"డాక్టరుబాబూ, మా అప్పకి కడుపు ఉబ్బిపోతంది. గేటు కాడ కూకుంది. ఒకపాలి సూసి సెప్పండి."

ఆయన ఆప్యాయంగా భుజం తట్టారు. "తప్పకుండా చూద్దామమ్మా. సోమవారం ఓపీకి తీసుకురా. ఇప్పుడు సభలో ఉన్నాం కదా."

తర్వాత ఆయన అధ్యక్షోపన్యాసం చేశారు. "వ్యాధి ముదిరాక వాళ్లు మన దగ్గరికి రావడం కాదు. తొలిదశలోనే మనం వాళ్ల గడప తొక్కాలి. ప్రతి గిరిజన సోదరి కడుపు మీదా మన చెయ్యి పడాలి." చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆ చప్పట్లు గేటుదాకా వినబడ్డాయని సోని తర్వాత చెప్పింది.

కనకకు శాలువా కప్పి, రెండు ముక్కల్లో కృతజ్ఞతలు చెప్పమని మైకు ఇచ్చారు. "కొంచెం ఆగండి బాబూ" అని ఆమె వేదిక దిగి గేటుకు నడిచింది. శాలువా తీసి అప్పకు కప్పింది. శాలువా ఉన్న మనిషిని ఆపమని కాపలాదారుకు ఎవరూ చెప్పలేదు కనుక అతను నమస్కారం పెట్టాడు.

వేదిక మీద పూలగుత్తులు పక్కకు జరిపి, కనక అప్పను బల్లమీద పడుకోబెట్టింది. "ఈవిడ మా అప్ప. ఇంతమంది ఉన్నారు. ఒక్కలు సెయ్యేసి సూడండి."

కార్యక్రమంలో ఇది కొత్త అంశమనుకుని సభ చప్పట్లు కొట్టింది. మూడో వరసలోని నిపుణుడొకరు కుర్చీలోంచే నీరు చేరిందన్నారు. ఈమెకు నలభై రెండు డిగ్రీలు చాలునన్నారు ఇంకొకరు. నలభై మూడుకు తగ్గితే దండగన్నారు వేరొకరు. గంటా, గంటన్నరా అన్న దగ్గర సభ రెండుగా చీలింది. వేదిక దగ్గరికి వచ్చినవాడు మాత్రం ఒక్కడే, ఫోటోగ్రాఫరు. ఇంతలో భోజనాలు చల్లారిపోతున్నాయని కబురు రావడంతో రెండు పక్షాలూ కలిసి బయటికి నడిచాయి.

ఖాళీ హాల్లో సోని మెల్లగా అడిగింది. "బల్ల సల్లగా ఉందే కనకా. ఇంక లెగనా?"

తనకు జరిగినదానికి ఇన్నాళ్లూ గర్వపడిన కనక, అప్ప మొహంలోకి చూడలేకపోయింది. చెయ్యి పట్టుకుని లేపింది.

సోమవారం కిరండూల్ రైల్లో విశాఖ వెళ్లారు. వరహాలరావుగారు వేరే మహాసభకు వెళ్లారు. ఆ పై సోమవారం స్కానింగుకు తారీఖు ఇచ్చారు. ఆ తారీఖుకు వెళితే, రేషన్ కార్డులో సోని అనీ, ఆరోగ్య కార్డులో సోనీ అనీ ఉందని వెనక్కి పంపారు. వాళ్లిద్దరూ ఒక్క మనిషేనని మండలాఫీసు నిర్ధారించడానికి నెలన్నర పట్టింది. రోగం మాత్రం ఏ కాగితమూ అడగకుండా తన పని తాను చేసుకుపోయింది.

మార్చిలో వరహాలరావుగారు స్కానింగు చూశారు. స్వయంగా సోని కడుపుమీద చెయ్యి వేసి చూశారు. ఆయన మొహం వాడిపోయింది. ఆ బాధ నటన కాదు.

"కాలేయంలోకి పాకిపోయిందమ్మా. ఇప్పుడు వేడి మందు పనిచెయ్యదు. మూడు నెలల ముందు నా కంటబడి ఉంటే ఎంత బాగుండేది. మీవాళ్లెప్పుడూ ఇంతే, ఆఖర్న వస్తారు."

కనక ఆయన మొహం చూసింది. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. ఇంక ఏం గుర్తు చేస్తాంలే అనుకుని, నొప్పి మాత్రల చీటీ తీసుకుని బయటికొచ్చింది.

కౌంటరులో గుమస్తా బుజ్జిబాబు పెద్ద ఫారం నింపుతున్నాడు.

"ఏటి రాస్తన్నావు బాబూ?"

"ఆలస్యానికి కారణం. గిరిజనుల్లో అవగాహన లేకపోవడం."

"డిసెంబర్లో నూట ఇరవైమంది డాక్టర్ల ముందు బల్లమీద పడుకోబెట్టినాను. ఆ మాట రాయవా?"

బుజ్జిబాబు మంచివాడు. కలం పట్టుకుని ఫారం మొదటినుంచి చివరిదాకా ఓపికగా వెతికాడు.

"దానికి గడి లేదమ్మా" అన్నాడు.