ఆదివారం సెలవు తీసుకునే గాలి

ఆ ఉదయం గాలి లెక్కల ఉద్యోగి వేసుకున్న పథకం చిన్నదే. మేడగదిలో పడి ఉన్న గాలిమీటరును సంచిలో వేసుకుని, కొండెక్కి బిగించి, ఏమీ ఎరగనట్టు దిగి రావడం. నెల కిందటే బిగించేశానని ఆఫీసుకు చెప్పి ఉన్నాడు. కొండను చూస్తేనే మోకాళ్ళు మొరాయిస్తాయి, అదీ సంగతి.

చెప్పులు వేసుకుంటుండగా డైరెక్టరు ఫోను.

"ఏమయ్యా, నీ కొండమీద ఇంత గాలుందని చెప్పవేం? మీటరు పంపే లెక్కలు ఇప్పుడే చూశా. పొద్దుగూకగానే మొదలై తెల్లారేదాకా ఒకటే తీరు. పగలు ఎండ కరెంటు, రాత్రి నీ గాలి కరెంటు. అమోనియా ఫ్యాక్టరీ ఆగేదే ఉండదు. దాన్ని ఏ ప్రాంతంలో పెట్టాలన్నది ఇవాళే ఖాయం చేస్తున్నాం, వచ్చెయ్."

అతను వేసుకున్న చెప్పు విప్పేశాడు. మీటరు పనిచేస్తోందో లేదో చూద్దామని మేడగదిలో ఆన్ చేసి, ఆపడం మరిచాడు. అయినా మూసిన గదిలో గాలెక్కడిది? పరుగున మేడెక్కాడు. మామగారు మీటరుకు గాలికి తిరిగే గిన్నెలను గుడ్డతో తుడుస్తున్నారు. దానికి ఎదురుగా టేబులు ఫ్యాను.

"రాత్రిళ్ళు దీనికి ఫ్యాను పెడుతున్నారా మామయ్యా?"

"మిల్లులో మేస్త్రీగా చేసినవాణ్ణి అల్లుడూ. యంత్రం ఊరికే నిలబడి ఉంటే నాకు కునుకు పట్టదు. ఆదివారం మాత్రం దానికీ సెలవిస్తున్నాలే."

ఆఫీసుకు వెళ్ళేసరికి గోడమీది పటం చుట్టూ అన్ని ప్రాంతాలవాళ్ళూ మూగి ఉన్నారు.

"ఆదివారం గాలి ఆగుతోందేమిటండీ?" అన్నాడు ఎండ ప్రాంతపు ఇంజనీరు.

"మంచిదేగా, మరమ్మతులు చేసుకోవచ్చు," అన్నాడు డైరెక్టరు.

"అమోనియాకి హైడ్రోజను కావాలి, అది తియ్యాలంటే నీళ్ళు కావాలి. కొండమీద చుక్క లేదే?" అని ఇంజనీరు మళ్ళీ అడ్డుపడ్డాడు.

"రేవు నుంచి గొట్టం వేద్దాం."

"మా నీళ్ళు మీ కొండెక్కాలా?" రేవు ప్రాంతం ఆవిడ లేచింది. గొట్టం తన పొలాల మీదుగా పోతుందని తెలిసి మైదానం ఆయనా లేచాడు. మాటామాటా పెరిగింది. ఆ గోలలోనే డైరెక్టరు కలం తీశాడు.

ఉద్యోగికి ఫ్యాక్టరీ కళ్ళముందు కట్టినట్టే కనబడింది. అంత పెద్ద యంత్రాలూ కొండమీద నోరు తెరుచుకుని, గాలి కోసం మామగారి మొహం చూస్తున్నాయి.

"అయ్యా, సంతకం పెట్టకండి," అన్నాడు. "అది కొండగాలి కాదు. మా ఇంటి ఫ్యాను గాలి." అని మొత్తం చెప్పేశాడు. చెప్పేసి, ఉద్యోగం పోయిందనుకుని కళ్ళు దించుకున్నాడు.

డైరెక్టరు కలానికి మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, గట్టిగా ఊపిరి వదిలాడు.

"బతికించావయ్యా. అంత గాలిని కాదనలేకా, నీళ్ళు కొండెక్కించలేకా చచ్చిపోతున్నా. రేవు దగ్గర గాలి తక్కువైనా ఫరవాలేదు, ఫ్యాక్టరీ అక్కడే పెడదాం."

రేవు ఆవిడ కూర్చుంది. మైదానం ఆయన నవ్వాడు. ఎవరో టీలు చెప్పారు.

"మరి నా సంగతండీ?"

"ఇంతమందిలో నిజం ఒప్పుకున్నవాణ్ణి వదులుకుంటామా?"

అతని ప్రాణం కుదుటపడింది. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది: అన్ని ప్రాంతాల మీటర్లూ ఇకమీదట అతనే స్వయంగా బిగించాలి, మైదానంలోది సైతం ఎత్తైన స్తంభం మీదే, వాటిలో ఒక్కటీ ఎక్కకుండా అందేది కాదు.