ఒకే డోలుకు ఇద్దరు

సంతనాడు ధనం చింతపండు గంప ఎత్తుకుని కారిమంగళం బస్సు ఎక్కగానే, ధర్మపురిలో ఆమె మొగుడు అంజప్ప అటక మీది డోలు దించాలి. బొమ్మిడి నుంచి నాదస్వరం మునిరాజ్, తొప్పూరు నుంచి డోలు మాదేశ్వరన్ వస్తారు. ముగ్గురూ కలిసి ఒక్క పాట వాయించి, ధనం తిరిగొచ్చేలోగా డోలును మళ్లీ అటకెక్కించాలి. పాత మేళగాళ్లు ముగ్గురూ వారం పాటు ఫోనులో గుసగుసలాడి వేసుకున్న పథకం ఇది.

ఇంత దొంగచాటు దేనికంటే, అంజప్ప మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో ఎడమచేతికి సూదులు గుచ్చి రక్తం శుద్ధి చేస్తారు. ఆ చేతిని అదరనివ్వొద్దని డాక్టరు ఒక్కసారి చెప్పాడు, ధనం రోజూ చెప్పింది. డోలు అటకెక్కిననాటి నుంచి అంజప్పకు మాటా తగ్గింది, తిండీ తగ్గింది. బస్సులో పోతూ కల్యాణ మండపం కనబడితే తల తిప్పుకునేవాడు. నిజానికి ధనానికి డోలుతో పాత పగ కూడా ఉంది. తమ పెళ్లిలో తాళి కట్టేవేళ డోలు వాయించేవాడు తాళం తప్పాడు. పెళ్లికొడుకు పెళ్లికూతురిని వదిలేసి డోలు వైపు గుర్రుగా చూశాడు. ఫోటోలో ఇప్పటికీ అటే చూస్తున్నాడు.

డోలు కుడివైపు వేళ్లతో, ఎడమవైపు పుల్లతో వాయించాలి. అనుకున్న సంతనాడు, కుడి నీది, ఎడమ నాది అంటూ మాదేశ్వరన్ పక్కన కూర్చుని పుల్ల అందుకున్నాడు. మునిరాజ్ మోహన రాగం ఎత్తుకున్నాడు. మొదట చెరో దిక్కుకు లాగారు గానీ, కాసేపటికి కుదిరింది. తొప్పూరు ఘాటులో వ్యాను చెడిపోతే రోడ్డు పక్కనే వాయించి లారీలను ఆపేసిన మధ్యాహ్నం ముగ్గురికీ గుర్తొచ్చింది. అంజప్ప పకపకా నవ్వాడు.

అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. మునిరాజ్ ఊపులో వేలెత్తి ఆడించాడు. బతుకంతా పెళ్లిళ్లకు వాయించిన చేతులకు ఆ సైగ ఒకటే చెబుతుంది: తాళి కడుతున్నారు, గట్టిమేళం. దడదడలాడించేశారు.

పక్కింటి మారమ్మకు అది చాలు. తాను బతికుండగానే కూతురు వినోదిని పెళ్లి చూడాలని అంజప్ప అనడం వీధంతా విన్నదే. చెప్పాపెట్టకుండా కట్టించేశాడని తీర్మానించి, కారిమంగళంలో ధనం తమ్ముడు శ్రీనివాసన్‌కు ఫోను చేసింది. మేనమామ లేకుండా పెళ్లా అని అతను సంతలో అక్కను నిలదీశాడు. తల్లి లేకుండా పెళ్లా అని ఆమె గంప అక్కడే వదిలేసింది. జౌళికొట్టులో పనిచేసే వినోదిని పనివేళ ఫోను ఎత్తదు. ఎత్తలేదు కాబట్టి తాళి పడిందని ఇద్దరికీ ఖాయమైంది. అయితే కోపం వేరు, పెళ్లికి మేనమామ తేవాల్సిన సారె, ఆ సీరు వేరు. తిట్టుకుంటూనే శ్రీనివాసన్ పట్టుచీర, పసుపుతాడు, పళ్ల తట్టలు, రెండు దండలు కొని టెంపో ఎక్కించాడు.

వాళ్లు దిగేసరికి ఇంటినిండా అక్షింతలు పట్టుకున్న జనం. పెళ్లికొడుకు లేడు. డోలు వెనక దాక్కోవాలని చూస్తున్న అంజప్ప ఉన్నాడు. అప్పుడే భోజనానికి వచ్చిన వినోదిని జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఎవరికి మామా పెండ్లి?"

శ్రీనివాసన్ తట్టల వైపు చూశాడు. సీరు గడపదాకా వచ్చి వెనక్కి పోకూడదు.

"బావకు ఆడి నెలలో అరవై నిండింది గదా. ఆస్పత్రి తిరుగుడులో మరిసిపోయినాము. అరవయ్యో పెండ్లి, అదే షష్టిపూర్తి, ఇప్పుడే చేసేద్దాము."

ధనం అదేదీ వినలేదు. మొగుడి దగ్గరకు వెళ్లి చెయ్యి చూపించమంది. ఎడమచెయ్యి ఒళ్లో తువ్వాలు మీద భద్రంగా ఉంది. పుల్ల మాదేశ్వరన్ చేతిలో ఉంది. ఆమె మొగుడి మొహం చూసింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. తిట్టాలని వచ్చిన మనిషి దండకు తల వంచింది.

అంజప్ప చేతికి పసుపుతాడు ఇచ్చారు. మునిరాజ్ మళ్లీ వేలెత్తి ఆడించాడు. మాదేశ్వరన్ ఒక్కడే వాయిస్తే గట్టిమేళం కుంటింది. పెళ్లికొడుకు మెడ మెల్లగా అటు తిరిగింది.

"మళ్లా ఆడికే చూస్తా ఉండావు," అంది ధనం, పసుపుతాడు తన చేతిలోకి తీసుకుంటూ. "పో, ముందు అది వాయించి రా. నేను యాడికీ పోను."

అంజప్ప దండతోనే వెళ్లి కుడివైపు కూర్చున్నాడు. గట్టిమేళం వీధి చివరిదాకా వినిపించింది. ధనం తాడు పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఈ మనిషి ఇట్లా అని ముందే తెలిసి ఉంటే పిల్లనిచ్చేవాళ్లమే కాదని శ్రీనివాసన్ అరటిపండు ఒలుచుకుంటూ అన్నాడు.